పక్క సీటుకు అడ్డు రాని రికార్డింగు: నా అనుభవం

నేను కచేరీలు రికార్డు చేసుకుంటాను. నిలువెత్తు స్టాండు వేసి, దాని మీద పెద్ద మైకులు బిగించి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల రికార్డింగులు బాగుంటాయి కూడా. నాది ఆ పద్ధతి కాదు. కాలరుకు రెండు చిన్న మైకులు, జేబులో అరచేతిలో ఇమిడే రికార్డరు, మధ్యలో ఒక చిన్న బ్యాటరీ పెట్టె. హాల్లోకి వెళ్లి కూర్చున్నాక నా దగ్గర ఇవి ఉన్నాయని పక్కవాళ్లకు తెలియదు. ఈ సరంజామా కుదుర్చుకోవడానికి చాలా చదివాను, చాలా విన్నాను, కొన్నింటిని కొని మళ్లీ అమ్మేశాను. ఆ దారిలో తెలిసిన సంగతులు ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

చిన్న పరికరాలే ఎందుకు అని చాలామంది అడుగుతారు. స్టాండు వేస్తే వెనకవాళ్లకు వేదిక కనబడదు. చీకట్లో ఎర్ర దీపం వెలుగుతుంటే చుట్టుపక్కల నలుగురి చూపూ దాని మీదకే పోతుంది. చిన్న హాళ్లలో అసలు స్టాండు వేసే చోటే ఉండదు. పాడేవాళ్ల సంగతి వేరే. ఎదురుగా మైకు కనబడుతుంటే కొందరు జాగ్రత్త పడిపోతారు, ఆ రోజు తెగించి పాడాల్సిన చోట వెనక్కి తగ్గుతారు. మైకు ఉందని వాళ్లకు తెలియాలి, పాడుతున్నంతసేపూ అది గుర్తు రాకూడదు. నాకు కావలసింది ఆ రెండూ.

అందుకే మొదటి పని పరికరాలు కొనడం కాదు, అడగడం. తన ప్రదర్శనను తన అనుమతి లేకుండా రికార్డు చేయనివ్వకుండా ఆపే వీలు కళాకారులకు ఉండాలని 1961 నాటి రోమ్ ఒప్పందమే చెప్పింది. ఏ దేశంలో ఏ నిబంధన ఎలా ఉన్నా, ఆ పాట వాళ్లది. నేను కళాకారులకో వాళ్ల మేనేజరుకో ముందే మెయిల్ రాస్తాను. ఏ పరికరం, ఎక్కడ కూర్చుంటాను, రికార్డింగు ఏం చేస్తాను, ఎవరికి ఇస్తాను, అన్నీ నాలుగు వాక్యాల్లో. కాపీ ముందు మీకే పంపుతాను, మీరు వద్దన్న పాట తీసేస్తాను అని తప్పకుండా రాస్తాను. హాలు వాళ్లకూ విడిగా రాస్తాను, ఎందుకంటే కళాకారులు సరేనన్నా హాలు నియమం వేరుగా ఉండొచ్చు. రెండు చోట్ల నుంచీ జవాబు వచ్చాకే బ్యాగు సర్దుతాను. వద్దంటే టికెట్ కొనుక్కుని వెళ్లి విని వస్తాను. జవాబు రాకపోతే దాన్ని కూడా వద్దన్నట్టే లెక్క వేసుకుంటాను.

అడిగితే ఎవరిస్తారు అనుకుంటారు గానీ, ఇచ్చేవాళ్లు నేను ఊహించినదాని కంటే ఎక్కువే. దీనికి పాత చరిత్ర ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం 1984లో రికార్డు చేసుకునే అభిమానుల కోసం సౌండ్ ఇంజనీరు కూర్చునే చోటు వెనక విడిగా సీట్లు కేటాయించింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2002లో మొదలైన లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ కూడా అనుమతి ఇచ్చిన కళాకారుల కచేరీలనే దాస్తుంది. అమ్ముకోవడానికి కాదు, విని పంచుకోవడానికి అనే షరతు మీద నడుస్తున్న లోకం అది.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. అనుమతి చేతిలో ఉంటే మనసు కుదురుగా ఉంటుంది. ఒకచోట గేటు దగ్గర బ్యాగు వెతికిన అతను బ్యాటరీ పెట్టెను పైకి తీసి, ఇటూ అటూ తిప్పి, ఇదేమిటని అడిగాడు. రెండు వైర్లు, ఒక లోహపు డబ్బా, చూసేవాళ్లకు అనుమానం రావడం సహజమే. మెయిల్ ప్రింటు చూపించాను. లోపలికి ఫోన్ చేసి కనుక్కుని, తనే దారి చూపించాడు. అప్పట్నుంచి ఫోన్‌లో ఉన్నా సరే, ఆ కాగితం జేబులో లేకుండా బయలుదేరను.

ఇక పరికరాలు. ఫోన్ ఉంది కదా, అది చాలదా? మాటలకు చాలు. ఫోన్ మైకులు మనిషి గొంతు అందుకోవడానికి అమర్చినవి. పైగా చాలా ఫోన్లలో శబ్దం పెరిగితే తగ్గించి, తగ్గితే పెంచే ఏర్పాటు దానంతటదే పని చేస్తుంటుంది. నెమ్మదైన ఆలాపన నుంచి డ్రమ్ములు ఒక్కసారి అందుకునే చోట, ఆ పెరుగుదలే కదా ఒళ్లు జలదరించేలా చేసేది, అదంతా చదును చేసేస్తుంది. రికార్డరులోనూ ఆటో లెవెల్ అనే మీట ఉంటే నేను ముందు దాన్ని ఆపేస్తాను.

అసలు డబ్బూ శ్రద్ధా పెట్టాల్సింది మైకు మీద. నేను వెతకడం మొదలుపెట్టినప్పుడు అందరూ రికార్డర్ల గురించే మాట్లాడుతుండేవారు. ఏ మోడల్, ఎన్ని బిట్లు, స్క్రీన్ ఎలా ఉంది. రెండు మూడు రికార్డర్లకు ఒకే మైకు తగిలించి వింటే నాకు తేడా పట్టుకోవడం కష్టమైంది. ఒకే రికార్డరుకు రెండు వేర్వేరు మైకులు తగిలిస్తే మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది.

చిన్న మైకుల్లో రెండు రకాలు దొరుకుతాయి. అన్ని వైపుల నుంచీ సమానంగా వినేవి ఒకటి, ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా, వెనకవైపుది తక్కువగా తీసుకునేవి రెండోది. వీటిని ఓమ్నీ, కార్డియాయిడ్ అంటారు. కచేరీ అనగానే ముందువైపు వినేదే మంచిదనిపిస్తుంది, వెనక కబుర్లు వినపడవని. కానీ కాలరుకు పెట్టుకున్నప్పుడు కథ మారుతుంది. కార్డియాయిడ్ మైకు వెనక భాగం తెరిచి ఉంటేనే అది సరిగా పని చేస్తుంది. గుడ్డకు ఆనితే, ఒంటికి తగిలితే ఆ దిశా గుణం చెడిపోతుంది. దూరపు శబ్దంలో బేస్ కూడా ఓమ్నీ ఇచ్చినంత నిండుగా ఇవ్వదు. గాలికి, గుడ్డ రాపిడికి త్వరగా గరగరలాడుతుంది. ఓమ్నీకి ఈ బాధలు తక్కువ. పక్కవాళ్ల మాటలు ఎక్కువ వినపడతాయి, నిజమే, కానీ హాలు హాలులా వినిపిస్తుంది. కూర్చుని వినే కచేరీకి నేను ఓమ్నీయే తీసుకెళ్తాను. నిలబడి గోల చేసే జనం మధ్య అయితే కార్డియాయిడ్ ఆలోచించాల్సిందే, కానీ దాన్ని గుడ్డకు ఎడంగా నిలబెట్టే క్లిప్పు ఉండాలి.

తర్వాత చూడాల్సింది సున్నితత్వం. దీన్ని ఒక పాస్కల్ ఒత్తిడికి ఎన్ని మిల్లీవోల్టులు అని చెప్తారు. ఒక పాస్కల్ అంటే 94 డెసిబెల్ శబ్దం. ఈ చిన్న మైకుల్లో పేరున్న డీపీఏ కంపెనీ మోడల్ 4060కి ఇది 20 మిల్లీవోల్టులు, దాని తోబుట్టువు 4061కి 6. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, 5.4 మిల్లీమీటర్ల మందం, అగ్గిపుల్ల తలకంటే కాస్త పెద్దవి. అయితే గట్టి రాక్ కచేరీలో 114 డెసిబెల్ శబ్దం వచ్చిందనుకోండి. అది పది పాస్కల్స్. 4060 నుంచి 200 మిల్లీవోల్టులు బయటికొస్తాయి, డ్రమ్ము దెబ్బ పడ్డ క్షణంలో అంతకు ఎన్నో రెట్లు. చిన్న రికార్డరు మైకు ఇన్‌పుట్ చాలావరకు దాన్ని తట్టుకోలేదు. 4061 నుంచి వచ్చేది 60 మిల్లీవోల్టులే. నిశ్శబ్దంగా సాగే వీణకో, వయొలిన్‌కో 4060 హాయి, ఎందుకంటే దాని సొంత సుయ్‌మనే రొద తక్కువ. గట్టి సంగీతానికి 4061 మేలు. నేను వినేది రెండు రకాలూ కాబట్టి 4061 జత తీసుకున్నాను, కొత్తవి కాదు, ఒకరు వాడి అమ్మినవి. అవి ఖరీదైనవి. వాటికి ముందు చిన్న ఎలక్ట్రెట్ కాప్స్యూళ్లతో (మైకులో శబ్దాన్ని పట్టే భాగం అదే) చేతితో కట్టిన జత వాడాను. ప్రైమో ఈఎం172 లాంటి కాప్స్యూళ్లతో కట్టినవి తక్కువ ఖర్చులో చాలా ప్రశాంతంగా వినిపిస్తాయి. పక్షుల కూతలు రికార్డు చేసేవాళ్లు వాటిని ఇష్టపడేది అందుకే. కానీ వాటి సున్నితత్వం ఎక్కువ, గట్టి శబ్దానికి త్వరగా చేతులెత్తేస్తాయి. మొదలుపెట్టేవాళ్లు ఏ రకం సంగీతానికి వెళ్తారో ముందు తేల్చుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా కనబడే విషయం: మైకుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

ఎలక్ట్రెట్ మైకు లోపల ఒక బుల్లి ట్రాన్సిస్టరు ఉంటుంది. దానికి కొంచెం కరెంటు కావాలి. చాలా రికార్డర్లు మైకు సాకెట్ ద్వారానే దాన్ని అందిస్తాయి, ప్లగిన్ పవర్ అంటారు. సాధారణంగా రెండు మూడు వోల్టులు. మాటలకు అది చాలు. గట్టి శబ్దం వచ్చినప్పుడు ఆ ట్రాన్సిస్టరు అవుట్‌పుట్ ఊగడానికి జాగా ఉండదు, అలల తలలు తెగిపోతాయి. ఇది చదివి వదిలేయకుండా ఇంట్లో పరీక్షించి చూశాను. చేతితో కట్టిన ఆ జతనే తీసుకుని, స్పీకరు కోనుకు అంగుళం దూరంలో మైకు పెట్టాను. డ్రమ్ములు ఎక్కువున్న రికార్డింగు ఒకటి గట్టిగా వాయించాను. మొదట ప్లగిన్ పవర్ మీద, రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా (సున్నా దాటితే రికార్డరులోనే శబ్దం పగులుతుంది) గెయిన్, అంటే రికార్డరు శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించి. తర్వాత అదే మైకును తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టెకు తగిలించి, అక్కణ్నుంచి గట్టి సిగ్నల్‌ను తట్టుకునే లైన్ ఇన్‌పుట్‌లోకి. మీటరు మళ్లీ మైనస్ 12 దగ్గరే.

రెండు ఫైళ్లనూ కంప్యూటరులో పక్కపక్కన పెట్టి, ఒకే డ్రమ్ము దెబ్బను బాగా పెద్దది చేసి చూశాను. రెండో దాంట్లో అల గుండ్రంగా పైకి లేచి దిగింది. మొదటి దాంట్లో కింది సగం మామూలుగానే ఉంది, పై సగం మాత్రం కత్తెరతో కోసినట్టు చదునుగా ఉంది. వింటే ప్రతి దెబ్బ వెనకా ఒక చిరుగు. మీటరు ఎక్కడా ఎర్రబడలేదు. ఎందుకు ఎర్రబడుతుంది, తన దాకా వచ్చిన సిగ్నల్ సంగతే దానికి తెలుసు. అల తెగింది అంతకు ముందు, మైకు లోపల. అందుకే రికార్డరులో గెయిన్ ఎంత తగ్గించినా ఆ చిరుగు పోదు. లెవెల్ తక్కువగానే పెట్టాను, అయినా ఎందుకు పగిలింది అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది విషయం ఇదే.

బ్యాటరీ పెట్టె అంటే పెద్ద యంత్రమేమీ కాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, కొన్ని రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు. టంకం పెట్టడం వచ్చినవాళ్లు ఒక పూటలో కట్టుకోవచ్చు. కరెంటు ఎంత తక్కువ లాగుతుందంటే ఒక్క బ్యాటరీ వందల గంటలు వస్తుంది. అదే చిక్కు కూడా, దాన్ని మరిచిపోతాం. నేను బ్యాటరీ మీద మార్చిన తేదీ రాసి పెడతాను, వెళ్లే ముందు మీటరుతో వోల్టేజీ చూస్తాను. కొన్ని పెట్టెల్లో బేస్ తగ్గించే మీట కూడా ఉంటుంది. సబ్‌వూఫర్లు గుండెల మీద గుద్దే హాళ్లలో 80 హెర్ట్జ్ దగ్గర కాస్త తగ్గించుకోవడం మంచిదే. మామూలు హాల్లో నేను దాన్ని ముట్టుకోను. బేస్ ఎక్కువైతే ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు, లేని బేస్‌ను తెచ్చుకోలేం.

రికార్డరు ఎంపిక ఇంత బాధ పెట్టలేదు. నేను చూసుకున్నవి: లైన్ ఇన్‌పుట్ ఉండాలి, తెరను, దీపాన్ని పూర్తిగా ఆర్పేసే వీలుండాలి, చేయి తగిలినా ఆగిపోకుండా హోల్డ్ మీట ఉండాలి, ఒక్క చార్జి మీద కచేరీ దాటి ఇంకా మిగలాలి. సోనీ పీసీఎం-ఎ10 వీటన్నిటికీ సరిపోయింది. చొక్కా జేబులో వేసుకుంటే జేబు వేలాడదు. దాని తాత పీసీఎం-ఎం10 రెండు మామూలు పెన్సిల్ సెల్స్ మీద రోజంతా నడిచేది. ఇప్పుడు తయారు చేయడం లేదు, వాడినది మంచి స్థితిలో దొరికితే ఇప్పటికీ వదులుకోకూడని పరికరం.

32 బిట్ ఫ్లోట్ అనే రికార్డింగు పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి, ఈ మధ్య అందరూ అడుగుతున్నది అదే. జూమ్ ఎఫ్3 లాంటి రికార్డర్లలో గెయిన్ మీటే ఉండదు. ఎంత గట్టిగా వచ్చినా, ఎంత నెమ్మదిగా వచ్చినా తర్వాత సరిచేసుకోవచ్చు. లెవెల్ టెన్షన్ నిజంగానే పోతుంది. కానీ ఇందాక చెప్పిన చిరుగు ఉంది చూశారూ, మైకు లోపల జరిగేది, దాన్ని ఏ ఫ్లోటూ బాగు చేయలేదు. అదీగాక ఎఫ్3 చొక్కా జేబుకు బరువు, దానికి మైకులు తగిలించాలంటే లావుపాటి ఎక్స్ఎల్ఆర్ (పెద్ద మైకులకు వాడే మూడు పిన్నుల) అడాప్టర్లు కావాలి. కళాకారులు వేదిక అంచున పెట్టుకోనిస్తే నేను దాన్నే వాడతాను. ఒంటి మీద అయితే 24 బిట్ చాలు. మైనస్ 12 దగ్గర శిఖరాలు ఉండేలా పెట్టుకున్నా, 24 బిట్‌లో కిందివైపు ఖాళీ ఎంతో మిగులుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో గంటకు దాదాపు 1.04 జీబీ. కార్డు నిండుతుందేమోనన్న దిగులు ఈ రోజుల్లో లేదు.

మైకులు ఎక్కడ పెట్టుకోవాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది. నా సమయం అన్నిటికంటే ఎక్కువ తిన్నది ఇదే. మనిషి చెవుల మధ్య ఎడం సుమారు 17 సెంటీమీటర్లు. రెండు మైకుల మధ్య అంత ఎడం ఉండి, మధ్యలో తల అడ్డం ఉంటే, హెడ్‌ఫోన్స్‌లో వింటున్నప్పుడు ఆ సీట్లోనే కూర్చున్నట్టు ఉంటుంది. ఆ లెక్కన కళ్లజోడు కాళ్ల మీద, కణతల దగ్గర పెట్టుకోవడం శబ్దానికి అన్నిటికంటే మంచిది. చిక్కేమిటంటే తల తిప్పిన ప్రతిసారీ కచేరీ మొత్తం పక్కకు తిరుగుతుంది. పాటకు తల ఊపడం అలవాటున్న నాకు రెండు గంటలు బొమ్మలా కూర్చోవడం శిక్షే. టోపీ అంచు కూడా అంతే, పైగా వెనకవాళ్లకు టోపీ అడ్డం. చివరికి కాలరుకు రెండు కొసల దగ్గర, భుజాల వైపు జరిపి పెట్టుకోవడం దగ్గర ఆగాను. తల కదిలినా ఒళ్లు పెద్దగా కదలదు. స్టీరియో కొంచెం తగ్గుతుంది, కుదురు బాగా పెరుగుతుంది.

చెవుల్లో పెట్టుకునే బైనారల్ మైకులు కూడా ఉన్నాయి. వింటే అద్భుతంగా ఉంటాయి గానీ, అవి పెట్టుకుంటే చెవులకు రక్షణ ప్లగ్గులు పెట్టుకోలేం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆ తర్వాత ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. రికార్డింగులు దాచుకుని, వినే చెవులు పోగొట్టుకుంటే ఏం లాభం? గట్టి కచేరీల్లో నా చెవుల్లో ప్లగ్గులే ఉంటాయి.

గుడ్డ సంగతి చూడండి. ఒక సాయంత్రం అల్మారాలో చొక్కాలన్నీ ఒక్కొక్కటే వేసుకుని, మైకులు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, లేచి, ఊపిరి పీల్చి, చేతులు కట్టుకుని రికార్డు చేశాను. పాలియెస్టర్ కలిసిన చొక్కా ప్రతి ఊపిరికీ సరసరమంది. గంజి పెట్టిన నూలు చొక్కా కాలరు కటకటలాడింది. బాగా ఉతికి మెత్తబడ్డ నూలు చొక్కా మాత్రమే నోరు మెదపలేదు. జాకెట్ జిప్పు గొలుసు చప్పుడు కూడా అందులో స్పష్టంగా వినిపించింది. ఇప్పుడు కచేరీకి వేసుకునే చొక్కా ఒకటి విడిగా ఉంది. వైరు వేలాడితే దాని రాపిడి కూడా మైకులోకి ఎక్కుతుంది. అందుకని కాలరు కింద చిన్న చుట్టు చుట్టి, మెడికల్ టేపుతో లోపలివైపు అంటించి, వీపు మీదుగా కిందికి దింపుతాను. ఆ చుట్టు కదలికను మింగేస్తుంది. మైకు మీద చిన్న ఫోమ్ తొడుగు తప్పనిసరి, ఏసీ గాలి నేరుగా తగిలే సీట్లు ఉంటాయి.

సీటు ఎక్కడ? ముందు వరుస అనుకుంటారు అందరూ. మరీ ముందు కూర్చుంటే స్పీకర్లు మన తల మీదుగా వెనక్కి వినిపిస్తాయి, వేదిక మీది డ్రమ్ములు, గిటారు యాంప్లిఫయర్ పెట్టెలే మీద పడతాయి, గొంతు ఎక్కడో దూరంగా ఉంటుంది. నేను వెతికేది సౌండ్ ఇంజనీరు బల్ల ముందు రెండు మూడు వరుసలు, మధ్యకు దగ్గరగా. ఇంజనీరు తన చెవికి బాగున్నట్టు సరిచేసేది అక్కడే కదా. బాల్కనీ కింది సీట్లు వద్దు, మెరుపు తగ్గి ముసుగేసినట్టు వినిపిస్తుంది. గోడ పక్కన, మూలల్లో బేస్ పేరుకుంటుంది. టికెట్ తీసుకునేటప్పుడే సీట్ల పటం చూసి ఇవన్నీ ఆలోచించుకుంటాను.

కచేరీ రోజు తొందరగా వెళ్తాను. సౌండ్ చెక్ జరుగుతుండగా లోపలికి రానిస్తే అంతకంటే అదృష్టం లేదు, లెవెల్ అక్కడే తెలిసిపోతుంది. లేకపోతే హాల్లో కచేరీకి ముందు వాయించే పాటల మీద ఓ అంచనా వేసుకుని, దానికంటే బాగా తక్కువగా పెడతాను. బృందం మొదలుపెట్టగానే శబ్దం దాన్ని దాటిపోవడం ఖాయం. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రికార్డరు ఉన్న జేబులో కాకుండా రెండో వైపు పెడతాను. ఫోన్ సిగ్నల్ వెతుక్కునేటప్పుడు మైకు వైర్లలో బర్‌బర్‌మని వినిపించేది అందులోంచే. రికార్డు మీట నొక్కి, అంకెలు నడుస్తున్నాయని కళ్లారా చూసి, హోల్డ్ వేసి, తెర ఆర్పి, జేబులో పెట్టేస్తాను. దీపం మీద నల్ల టేపు ముక్క ఎలాగూ ఉంటుంది. మొదటి పాట చివర చప్పట్ల సందట్లో ఒక్కసారి మీటరు చూస్తాను, అవసరమైతే గెయిన్ తగ్గిస్తాను. ఆ తర్వాత దాన్ని ముట్టుకోను.

ఇలా వదిలేయగలగడం ఎంత పెద్ద సౌకర్యమో పాతకాలపు రికార్డింగులు గుర్తొస్తే తెలుస్తుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో లైబ్రేరియన్‌గా ఉన్న లయనెల్ మేపుల్‌సన్ 1900ల తొలి ఏళ్లలో పెద్ద కొమ్ము ఉన్న ఎడిసన్ యంత్రాన్ని వేదిక పైన ఎత్తున పెట్టి, మైనపు సిలిండర్ల మీద ఒక్కోసారి కొన్ని నిమిషాల పాటే పట్టుకోగలిగాడు. 1947, 48ల్లో డీన్ బెనెడెట్టి అనే అభిమాని జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ వెంట తిరిగి క్లబ్బుల్లో రికార్డు చేసినప్పుడు, పార్కర్ సోలో మొదలవగానే నడిపి, అవగానే ఆపేసేవాడు. అలా తుంచిన ముక్కలే ఈ రోజు మనకు నిధి. నాకు రెండు గంటలూ అందుతున్నాయి, పాటకూ పాటకూ మధ్య గాయని నీళ్లు తాగి చెప్పిన మాటతో సహా. ఆ మాటలను నేనెప్పుడూ కత్తిరించను.

ఒక త్యాగం మాత్రం ఉంది. నా చప్పట్లు నా మైకులకు అందరికంటే దగ్గర. మనసు నిండిన పాటకు గట్టిగా కొట్టాలని చేతులు దురదపెడతాయి. చేతులు ఒళ్లో కిందికి పెట్టి, వేళ్లు అరచేతికి తగిలేలా మెల్లగా కొడతాను. కచేరీ అయ్యాక, రికార్డరు ఆపేశాక, వేదిక దగ్గరికి వెళ్లి నోటితోనే చెప్తాను.

ఇంటికి రాగానే, ఎంత రాత్రయినా, ఫైలును కంప్యూటరులోకి, ఇంకో డిస్కులోకి కాపీ చేస్తాను. ఆ రెండూ తెరిచి చూశాకే కార్డు చెరిపేస్తాను. కొన్ని రికార్డర్లు 2 లేదా 4 జీబీ దగ్గర ఫైలును ముక్క చేస్తాయి, వాటిని ఖాళీ లేకుండా అతికించాలి. పెద్దగా మార్పులేమీ చేయను. బేస్ కొంచెం తగ్గించడం, నా పక్కనే పేలిన దగ్గునో ఈలనో ఒక్క క్షణం మేర తగ్గించడం, మొత్తం లెవెల్ పెంచడం. గట్టి శబ్దాలను అణిచే కంప్రెసర్ వేస్తే ఫోన్ చేసే పనే మనమూ చేసినట్టు. పాటలుగా విడగొట్టి ఫ్లాక్‌లో దాస్తాను, అందులో శబ్దం ఏమీ పోదు, చోటు మాత్రం బాగా కలిసొస్తుంది. ఎంపీ3 పంపడానికే, దాచడానికి కాదు.

ఒక కచేరీకి సౌండ్ ఇంజనీరు తన బల్ల నుంచి తీసిన రికార్డింగు కూడా ఇచ్చారు. అందులో గొంతు అద్దంలా ఉంది, గిటారు దాదాపు లేదు. హాలు చిన్నది కాబట్టి గిటారు పెట్టెల శబ్దమే సరిపోయింది, ఆయన స్పీకర్లలోకి దాన్ని పెద్దగా పంపలేదు. నా దాంట్లో గిటారు, జనం, హాలు ఉన్నాయి, గొంతు కాస్త వెనక. రెండూ కలిపితే కుదురుతుందనిపించింది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. స్పీకర్ల నుంచి 20 మీటర్ల దూరంలో కూర్చుంటే నాకు 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంత మేర నా ఫైలును ముందుకు జరిపాను, మొదటి పాట చక్కగా అతికింది. చివరి పాటకు వచ్చేసరికి మళ్లీ రెండు గొంతులు. రెండు రికార్డర్ల గడియారాలు ఎప్పుడూ ఒక్కలా నడవవు. పది లక్షల్లో పది వంతుల తేడా ఉన్నా గంటకు 36 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. ఒక ఫైలును వెంట్రుకవాసి సాగదీసి పాటపాటకూ సరిచూశాను. చాలా రాత్రుళ్లు పట్టింది. ఆ ఓపికకు తగ్గట్టే వచ్చింది, నా దగ్గరున్న వాటిలో నేను ఎక్కువసార్లు వినేది అదే.

కాపీ మాటిచ్చినట్టు ముందు బృందానికే పంపాను. గాయని అంతా విని, ఇంకా పూర్తి కాని కొత్త పాట ఒకటి అందులో ఉందని, అది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దని రాసింది. ఆ పాట తీసేసిన కాపీయే మిగతావాళ్లకు వెళ్లింది. కొన్నాళ్లకు బృందంలో డ్రమ్ములు వాయించే అతను మెయిల్ రాశాడు, ఆ కచేరీలో తన లయ ఎక్కడ పరుగెత్తిందో విని సరిచేసుకుంటున్నానని, వచ్చే కచేరీకి కూడా మైకులు తెచ్చుకోమని. ఈసారి సౌండ్ చెక్‌కే రమ్మన్నారు.